కన్ను ఆనే ప్రెస్ కొనుక్కోండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ క్రీడల పేజీలో, పోటీ షూటర్లు ఇంట్లోనే తూటాలు తయారు చేసుకోవడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఈ విషయం మీద తెలుగులో ఒకరు రాశారన్న సంతోషంతో రెండుసార్లు చదివాను. అయితే వ్యాసం చివర ప్రొగ్రెసివ్ ప్రెస్ అనే తూటాలు చేసే యంత్రాన్ని ఎంచుకోవడం గురించి ఒక చిన్న బాక్స్ వేశారు. అందులో ఇచ్చింది ఒక్కటే లెక్క, ఏ ప్రెస్ గంటకు ఎన్ని తూటాలు చేస్తుందని. అది చూసి మా తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. "అక్కా, దీంట్లో గంటకు ఎనిమిది వందలు వస్తాయట, ఇదే తీసేసుకుంటాను" అన్నాడు. వాడిని ఆపడానికి నాకు గంటన్నర పట్టింది. వాడిలాగే ఆ బాక్స్ చూసి ఆర్డర్ పెట్టబోయే వాళ్లు ఇంకా ఉంటారు కదా, వాళ్ల కోసం ఈ ఉత్తరం.

నేను పదకొండేళ్లుగా పిస్టల్ పోటీల్లో కాలుస్తున్నాను. అందులో తొమ్మిదేళ్లుగా నా తూటాలు నేనే చేసుకుంటున్నాను. ఉద్యోగం మాత్రలు తయారు చేసే కంపెనీలో, క్వాలిటీ విభాగంలో. మాత్రలు ఒత్తే మెషీన్ గుండ్రంగా తిరుగుతూ ఒకచోట పొడి నింపుకుంటుంది, ఇంకోచోట ఒత్తుతుంది, మరోచోట బయటికి తోస్తుంది. మొదటిసారి ప్రొగ్రెసివ్ ప్రెస్ చూసినప్పుడు నాకు కొత్త అనిపించలేదు. అదే మెషీన్‌ను చిన్నది చేసి ఇంట్లో బల్లకు బిగించినట్టు ఉంది.

తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఒక రౌండ్‌లో, అంటే తూటాలో, నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల పౌడర్, మూతి దగ్గర బుల్లెట్. కాల్చాక మిగిలేది కేసు. దాన్ని మళ్లీ సైజుకు తెచ్చి, పాత ప్రైమర్ తీసి కొత్తది పెట్టి, పౌడర్ పోసి, బుల్లెట్ కూర్చోబెట్టి, మూతిని కొంచెం నొక్కితే మళ్లీ రౌండ్ తయారవుతుంది. సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో ఈ పనులన్నీ ఒక్కో కేసుకు విడివిడిగా, చేత్తో తీసి పెడుతూ చేయాలి. ప్రొగ్రెసివ్‌లో షెల్ ప్లేట్ అనే చక్రం మీద నాలుగైదు కేసులు ఒకేసారి కూర్చుంటాయి. హ్యాండిల్ ఒకసారి లాగితే ఒక్కో కేసుకు ఒక్కో పని జరుగుతుంది. చక్రం నిండాక ప్రతి లాగుడుకూ ఒక రౌండ్ పూర్తయి బయటికి వస్తుంది. ఇది మీరుండే చోట చట్టబద్ధమా, లైసెన్స్ కావాలా, ఇంట్లో ఎంత పౌడర్, ఎన్ని ప్రైమర్లు ఉంచుకోవచ్చు అన్నవి ముందు కనుక్కోండి. అనుమతి లేని చోట ఇది నేరం. అక్కడ ప్రెస్ గురించి ఆలోచించే పనే లేదు.

ఇక నాకు జరిగింది చెప్తాను. నేను కొన్న మొదటి ప్రెస్ ఐదు స్టేషన్లది (స్టేషన్ అంటే చక్రం మీద ఒక్కో పని జరిగే చోటు), చక్రం దానంతట అదే తిరిగే రకం. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే తప్పు దానిది కాదు, నాది. ఒక రాత్రి 9 ఎంఎం రౌండ్లు చేస్తుంటే హ్యాండిల్ మధ్యలో పట్టేసింది. ప్రైమర్ ఒకటి అడ్డంగా పడింది. చక్రం మీది కేసులు బయటికి తీసి, దాన్ని సరిచేసి, మళ్లీ వాటి వాటి చోట పెట్టాననుకుని పని కొనసాగించాను. అందులో ఒక కేసును పౌడర్ పడే స్టేషన్‌కు ముందు పెట్టాల్సింది, దాటించి పెట్టాను. దాని మీద బుల్లెట్ కూర్చుంది. బయటికి చూస్తే మిగతా వాటికీ దానికీ ఏ తేడా లేదు.

పది రోజుల తర్వాత మ్యాచ్‌లో, మూడో స్టేజ్ మధ్యలో, "ఢాం" అనాల్సిన చోట "టప్" అంది. చేతికి ఎదురుదెబ్బ తగల్లేదు. పిస్టల్ ఖాళీ కేసును బయటికి విసరలేదు. గడియారం నడుస్తోంది, కాబట్టి నా ఎడమ చెయ్యి అలవాటుగా స్లైడ్ వెనక్కి లాగి ఇంకో రౌండ్ ఎక్కించేసింది. అప్పుడే వెనక నుంచి రేంజ్ ఆఫీసర్ "స్టాప్" అని గట్టిగా అరిచారు. వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీశాను. పిస్టల్ ఖాళీ చేసి విప్పి చూస్తే, బ్యారెల్ లోపల బొటనవేలంత దూరంలో బుల్లెట్ ఇరుక్కుని ఉంది. పౌడర్ లేకపోయినా ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ను అంతదూరం నెట్టగలదు, బయటికి మాత్రం పంపలేదు. దాన్నే షూటర్లు స్క్విబ్ అంటారు. దాని వెనక మంచి రౌండ్ కాల్చి ఉంటే బ్యారెల్ ఉబ్బేది, లేదా నా చేతుల్లోనే పగిలేది. ఆయన చెవి అంత చురుగ్గా ఉండబట్టి నేను ఈ రోజు పది వేళ్లతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంటికి వచ్చాక ఆ బ్యాచ్‌లో మిగిలినవి రెండు వందల పైచిలుకు ఉన్నాయి. త్రాసు మీద పెట్టి తేలికగా ఉన్నవి ఏరేద్దాం అనుకున్నాను. కుదరలేదు. ఒక్కో కంపెనీ ఇత్తడి కేసు బరువు ఒక్కోలా ఉంటుంది, బుల్లెట్లలో కూడా కొంచెం తేడా ఉంటుంది. ఆ తేడాల ముందు 9 ఎంఎంలో పడే చిటికెడు పౌడర్ లెక్కలోకి రాదు. పౌడర్‌ను కొలిచేది గ్రెయిన్లలో, ఒక గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాములు. కాబట్టి సుత్తిలా ఉండే పుల్లర్‌తో ఒక్కొక్క రౌండూ కొట్టి విప్పాను. మూడు రాత్రులు పట్టింది. పౌడర్ లేనిది ఇంకొకటి దొరికింది. అది చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

మా కంపెనీలో మాత్రల బరువు చూడటానికి ఇరవై మాత్రలు తీసి తూస్తాం. సగటు సరిగ్గా ఉంటే బ్యాచ్ దారిలో ఉన్నట్టే. మొదట్లో తూటాలు చేసేటప్పుడూ నేను అదే చేశాను. ప్రతి యాభై రౌండ్లకు ఒకసారి పౌడర్ తూచాను. ప్రతిసారీ సరిగ్గానే వచ్చింది. పౌడర్‌ను కొలిచి పోసే భాగం, అంటే మెజర్, సరిగ్గా పోస్తోందా లేదా అన్నది తూకం చెప్తుంది. ఏ ఒక్క కేసు ఆ మెజర్ కిందకు రాకుండా తప్పించుకుందో, ఏది రెండుసార్లు వచ్చిందో చెప్పలేదు. దానికి ప్రతి కేసులోకీ చూడాల్సిందే. అందుకే ప్రెస్ ఎంపికలో నేను మొదట అడిగేది ఇది: బుల్లెట్ పెట్టే ముందు, నేను కూర్చున్న చోటు నుంచి, మెడ వంచకుండా, కేసు లోపలి పౌడర్ నాకు కనిపిస్తుందా?

ఇది కేటలాగ్‌లో రాయరు. వెళ్లి కూర్చుని చూడాలి. కొన్ని ప్రెస్‌లలో పౌడర్ మెజర్, డైలు (కేసు మీద ఒక్కో పని చేసే అచ్చులు), ప్రెస్ ఫ్రేమ్ కలిసి ఆ కేసు మూతిని కప్పేస్తాయి. కొన్నింటిలో చక్కగా కనబడుతుంది. మీ ఎత్తు, కుర్చీ ఎత్తు, బల్ల ఎత్తు బట్టి కూడా మారుతుంది. ఇప్పుడు నా బల్లను నేను నిలబడి పనిచేసేలా ఎత్తు పెంచుకున్నాను. డైలు బిగించే టూల్ హెడ్ కింద చిన్న ఎల్ఈడీ స్ట్రిప్ అతికించాను. ఎడమ చేత్తో బుల్లెట్ తీసుకుంటాను, కేసులోకి చూస్తాను, పౌడర్ మట్టం రోజూ చూసే చోటే ఉంటే బుల్లెట్ పెడతాను, హ్యాండిల్ లాగుతాను. ఈ నాలుగింటి వరస తప్పితే ఆగిపోతాను. ఫోన్ పక్క గదిలో ఉంటుంది. హ్యాండిల్ మధ్యలో పట్టేసినా, ఎవరైనా పిలిచినా, చక్రం మీద ఉన్న కేసులన్నీ తీసేసి, పౌడర్ ఒంపేసి, ఖాళీ చక్రంతో మళ్లీ మొదలుపెడతాను. నాలుగైదు కేసులు వెనక్కి పోతాయి, అంతే కదా.

చక్రం మనం తిప్పాలా, అదే తిరగాలా అన్నదాని మీద షూటర్లు ఎప్పుడూ వాదించుకుంటూ ఉంటారు. డిలన్ 550 అనే ప్రెస్ నాలుగు స్టేషన్లది, చక్రాన్ని బొటనవేలితో మనమే తిప్పాలి. తిప్పడం మర్చిపోయి హ్యాండిల్ ఇంకోసారి లాగితే అదే కేసులో రెండోసారి పౌడర్ పడుతుంది. అదే కంపెనీ 750, హార్నడీ కంపెనీ లాక్ ఎన్ లోడ్ ఏపీ ఐదు స్టేషన్లవి, చక్రం అదే తిరుగుతుంది. అంతా సాఫీగా నడిచినంతసేపు ఆ మరుపుకు చోటు లేదు. కానీ ఏదైనా అడ్డుపడి మనం చెయ్యి పెట్టగానే, ఏ కేసుకు ఏ పని అయిందో మనకు అయోమయం, మెషీన్‌కు ఎలాగూ తెలియదు. నాకు జరిగింది అదే. కాబట్టి ఏది భద్రం అని ఎవరైనా అడిగితే, రెండింటిలోనూ తప్పుకు దారి ఉంది, దారులు వేరు అంటాను. నేను ఇప్పుడు వాడుతున్నది చేత్తో తిప్పేది. ఏదైనా ఆగిపోయినప్పుడు దాన్ని వెనక్కీ ముందుకీ అర్థం చేసుకోవడం నాకు సులువు. నా క్లబ్‌లో నాకంటే బాగా కాల్చే ఇద్దరు ఐదు స్టేషన్లవే వాడతారు, వాళ్లను మార్చమని నేను ఎప్పుడూ అనలేదు.

ఐదో స్టేషన్ వల్ల ఒక పెద్ద లాభం ఉంది. పౌడర్‌కూ బుల్లెట్‌కూ మధ్య ఒక చోటు ఖాళీ దొరుకుతుంది. అక్కడ పౌడర్ చెక్ పెట్టుకోవచ్చు. ఒక కడ్డీ కేసులోకి దిగి మట్టం చూస్తుంది. తేడా ఉంటే కొన్ని రకాలు బజర్ మోగిస్తాయి. ఆర్‌సీబీఎస్ లాకౌట్ డై లాంటిది ప్రెస్‌నే కదలకుండా పట్టేస్తుంది. అసలు పౌడర్ పడకపోవడం, రెండుసార్లు పడటం లాంటి పెద్ద తప్పుల కోసమే అది. కొంచెం ఎక్కువ తక్కువలను పట్టుకోవడానికి త్రాసే కావాలి. దీని గురించి ఇంకో సంగతి. బుల్లెట్లను కూడా మెషీనే పెట్టే బుల్లెట్ ఫీడర్ తగిలిస్తే వేగం పెరుగుతుంది కానీ, ప్రతి కేసులోకీ చూసే ఆ అరక్షణం పోతుంది. పౌడర్ చెక్ లేకుండా బుల్లెట్ ఫీడర్ పెట్టుకోవద్దని నేను చేతులు జోడించి అడుగుతాను. ఖాళీ కేసులను అందించే కేస్ ఫీడర్ వేరు. అది కుడిచేతిని హ్యాండిల్ మీదే ఉండనిస్తుంది, చూపుకు అడ్డు రాదు. డబ్బుంటే దానికి పెట్టండి.

కేసు ఏదన్నది కూడా ముఖ్యమే. 9 ఎంఎం కేసు పొట్టిది, పౌడర్ మట్టం పైకే కనిపిస్తుంది. .38 స్పెషల్ అలా కాదు. అది పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) వాడే రోజుల్లో పుట్టిన కేసు, లోతు ఎక్కువ. ఇప్పటి పౌడర్ అందులో అడుగున కొంచెమే ఉంటుంది. రెండింతలు పడినా పొంగదు, చీకట్లో తేడా తెలియదు. ఆ కేసు చేసేవాళ్లకు పౌడర్ చెక్ తప్పనిసరి అనే నా అభిప్రాయం. పౌడర్ ఎంపికలో కూడా, తయారీదారు పట్టికలో మీ బుల్లెట్‌కు ఇచ్చిన వాటిలోంచి, రెండోసారి పడితే కేసులోంచి పొర్లిపోయేంత గుల్లగా, ఎక్కువ చోటు పట్టేలా ఉండేది తీసుకుంటే తప్పు కళ్ల ముందే బయటపడుతుంది. పట్టిక ఒక్కటే ఆధారం. స్నేహితుడు చెప్పిన కొలత, ఎక్కడో విన్న కొలత వాడొద్దు.

ఇప్పుడు మీ బాక్స్‌లోని గంట లెక్కకు వస్తాను. నేను నెలకు రెండు మ్యాచ్‌లు ఆడతాను, ఒక్కోదానికి దాదాపు నూట యాభై రౌండ్లు. వారానికి ఒకసారి ప్రాక్టీస్, వంద. మొత్తం నెలకు ఏడు వందలు. గంటకు నాలుగు వందలు చేసే ప్రెస్ మీద అది రెండు గంటల లోపు పని. గంటకు ఎనిమిది వందలు చేసే ప్రెస్ మీద గంట లోపు. అంటే ఎంతో ఎక్కువ పెట్టి కొన్న వేగం నాకు మిగిల్చేది నెలకు ఒక గంట కూడా కాదు. అదీ కాగితం మీద. అసలు టైమంతా పోయేది వేరే వాటికి: కేసులు ఏరడం, కడిగి ఆరబెట్టడం, ప్రైమర్లను వందేసి చొప్పున ట్యూబుల్లోకి ఎక్కించడం, పూర్తయిన రౌండ్లను కొలత సరిచూసే గేజ్‌లో వేసి చూడటం. ప్రెస్ ఎంత వేగంగా తిరిగినా ఈ పనులేవీ తగ్గవు. నెలకు వేలల్లో కాల్చేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు వేగం నిజంగానే అవసరం.

వేగంతో పాటు వచ్చే ఇంకో ఇబ్బంది కూడా కొనేముందు చూసుకోవాలి. చక్రం ఝటుక్కున తిరిగే ప్రెస్‌లలో పొట్టి కేసులోంచి పౌడర్ రేణువులు బయటికి ఎగురుతాయి. చూస్తే షెల్ ప్లేట్ మీద ఇసుక చల్లినట్టు ఉంటుంది. కేసులో ఉండాల్సింది బయట ఉందంటే ఆ రౌండ్ తక్కువైనట్టే. హార్నడీ ప్రెస్‌లో చక్రం సగం పైకి వెళ్లేటప్పుడు, సగం కిందకు దిగేటప్పుడు తిరుగుతుంది, అందుకే కుదుపు తక్కువ. మిగతా వాటిలో హ్యాండిల్ మెల్లగా నడపడం నేర్చుకోవాలి. బల్ల ఊగితే ఇది ఇంకా పెరుగుతుంది, మెజర్ పోసే కొలత కూడా మారుతుంది. కొంతమంది ప్రెస్‌కు పెట్టినంత డబ్బులో పదోవంతు కూడా బల్లకు పెట్టరు. నా బల్లను గోడలోకి బోల్టులతో బిగించాను.

ప్రైమర్ల విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను. ట్యూబులో వంద ప్రైమర్లు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి. ఒకటి పేలితే మిగతావి ఊరుకోవు. ఆ ట్యూబు చుట్టూ గట్టి ఉక్కు కవచం ఉందా అని ప్రెస్ చూసేటప్పుడు తప్పకుండా అడగండి. ప్రైమర్ లోపలికి వెళ్లేటప్పుడు హ్యాండిల్ చేతికి ఆ స్పర్శ తెలియాలి. గట్టిగా అనిపిస్తే ఆపాలి, బలం ఉపయోగించకూడదు. మిలిటరీ కేసుల్లో ప్రైమర్ గుంట అంచు నొక్కి ఉంటుంది, వాటిలో కొత్త ప్రైమర్ అడ్డం తిరుగుతుంది. అలాంటివి ఎక్కువగా వాడేవాళ్లకు, ఆ అంచును తనే సరిచేసే డిలన్ 1100 లాంటి ప్రెస్ పనికొస్తుంది. మిగతావాళ్లు ఆ కేసులు ఏరి పక్కన పెడితే సరిపోతుంది. కళ్లద్దాలు లేకుండా నేను ప్రెస్ ముందు నిలబడను. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా పిల్లలను ముట్టుకోను. కాల్చిన కేసుల దుమ్ములో సీసం ఉంటుంది.

మా తమ్ముడి సంగతి. వాడి దగ్గర మూడు రకాల తుపాకులు ఉన్నాయి, మూడూ లైసెన్స్‌వే. ఒక్కోదానికి నెలకు యాభై, అరవై రౌండ్లు కూడా కాల్చడు. ప్రొగ్రెసివ్‌లో ఒక క్యాలిబర్ (తూటా సైజు) నుంచి ఇంకోదానికి మారాలంటే షెల్ ప్లేట్, పౌడర్ ఫనెల్, కొన్ని ప్రెస్‌లలో ప్రైమర్ భాగాలు కూడా మార్చి, మళ్లీ కొలతలన్నీ సరిచూసుకోవాలి. వాడు రౌండ్లు చేసే టైమ్ కంటే మార్చే టైమ్ ఎక్కువవుతుంది. మార్చిన ప్రతిసారీ తప్పుకు ఒక కొత్త అవకాశం. వాడికి లీ క్లాసిక్ టరెట్ లాంటిది చాలన్నాను. అందులో కేసు ఒకేచోట ఉంటుంది, పైన డైలు తిరుగుతాయి. ఒక కేసు పూర్తయ్యాకే ఇంకోటి. పౌడర్ పడ్డాక ఆగి, లోపలికి చూసి, బుల్లెట్ పెట్టడమే. డైల హెడ్ ఎత్తి ఇంకోటి పెట్టుకుంటే క్యాలిబర్ దాదాపు మారినట్టే. "మరీ నెమ్మది కదక్కా" అన్నాడు. ఏడాది దాని మీద చెయ్యి తిరిగాక, ఒక్కో పని ఎందుకు చేస్తున్నామో వాడికి ఒంటబట్టాక, అప్పటికీ కావాలంటే ప్రొగ్రెసివ్ కొనడానికి నేనే వెంట వస్తానన్నాను.

మీకు ఒక విన్నపం. ఆ బాక్స్‌ను మళ్లీ ఎప్పుడైనా వేస్తే, గంటకు ఎన్ని అన్న గడి పక్కన ఇంకో మూడు గళ్లు చేర్చండి. బుల్లెట్ పెట్టే చోట కేసు లోపల కనిపిస్తుందా, పౌడర్ చెక్‌కు చోటు ఉందా, ప్రైమర్ ట్యూబుకు కవచం ఉందా. వీలైతే ప్రతి ప్రెస్‌కూ, నడిపే మనిషి కళ్లు ఉండే ఎత్తు నుంచి తీసిన ఒక ఫొటో వేయండి. నా ప్రెస్ ఫొటో కావాలంటే లైటు వేసి, లైటు తీసి రెండూ తీసి పంపిస్తాను. తేడా పాఠకులకు ఆ రెండు ఫొటోల్లోనే తెలిసిపోతుంది.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు